కారు పైన టెంటా, నేల మీద టెంటా? డబ్బు పెట్టే ముందు ఇలా తేల్చుకోండి

"అన్నా, కారు పైన బిగించే టెంటు తీసుకుందామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వీడియోల్లో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కొండ అంచున బండి ఆపి, బెల్టులు విప్పి, నిచ్చెన వేసి పైకెక్కితే పరుపు పరిచి సిద్ధంగా ఉంటుంది. అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తిరిగే చాలా కుటుంబాలు ముందు కొనాల్సింది నేల టెంటు. రూఫ్ టెంటు మంచి వస్తువే, కాదనను. కానీ దానికి మీ బండి ఒప్పుకోవాలి, మీరు పడుకునే చోటు కుదరాలి, మీతో వచ్చేవాళ్లు నిచ్చెన ఎక్కగలగాలి. అవి కుదురుతాయో లేదో తేల్చుకోవడానికి కింది క్రమంలోనే వెళ్లండి. చాలామందికి మొదటి రెండు మెట్లలోనే జవాబు దొరికిపోతుంది.

1. పడుకోబోయే చోట్లు కాగితం మీద రాయండి

లడఖ్, స్పితి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరగలిగే చోట్లే రాయండి. మనవైపు ఆ జాబితా దాదాపు ఇలా ఉంటుంది: తెలిసినవాళ్ల మామిడి తోపు, హార్సిలీ హిల్స్, తలకోన, నాగలాపురం కొండల వైపు, వాకాడు వైపు సముద్రతీరం, ఏదో ఒక చెరువు కింద పొలం. ఇంకాస్త దూరమైతే గండికోట.

ఇప్పుడు ఒక్కో పేరు పక్కన, అక్కడ రాత్రి ఉండనిస్తారా లేదా అని రాయండి. తిరుమల కొండను మొదటే కొట్టేయండి. అక్కడ రాత్రి ఉండాలంటే గది తీసుకోవాలి, లేదంటే యాత్రికుల సముదాయానికి వెళ్లాలి. ఘాట్ రోడ్డు పక్కన టెంటు అనే మాటే లేదు. శేషాచలం అడవులు 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు కూడా వాటిలోనే ఉంది. పైగా ఎర్రచందనం అడవి కాబట్టి అటవీ సిబ్బంది, టాస్క్‌ఫోర్సు రాత్రుళ్లు గస్తీ తిరుగుతుంటారు. అర్ధరాత్రి అడవి అంచున పైన ఇంత సామాను కట్టుకున్న బండి కనిపిస్తే ఆపి ప్రశ్నించడం వాళ్ల ఉద్యోగం. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడమే నేరం. తలకోన జలపాతం చూసి రావడం వేరు, అక్కడ రాత్రి ఉండడం వేరు. అటవీ శాఖవాళ్లను ముందే అడిగి, వాళ్లు చూపించిన చోట మాత్రమే ఉండాలి.

ఇలా వడకట్టాక జాబితాలో మిగిలేవి చాలావరకు సొంత పొలాలు, తెలిసినవాళ్ల తోపులు, రిసార్టు ఆవరణలు. ఇక్కడే అసలు విషయం ఉంది. రూఫ్ టెంటుకున్న పెద్ద లాభం ఏమిటంటే, కింద రాళ్లున్నా ముళ్లున్నా బురదున్నా పైన పడక చదునుగా ఉంటుంది. కానీ మనం ఉండగలిగే చోట్లు దున్నిన తోపులు, ఊడ్చిన కళ్లాలు, గడ్డి పెంచిన రిసార్టులు. అక్కడ ఆ లాభానికి పెద్దగా పని ఉండదు.

తోపు గురించి ఇంకో మాట. బంగారుపాళెం, దామలచెరువు వైపు తోపుల్లోకి వెళ్లి చూడండి. కాపు మీదున్న మామిడి చెట్టు కొమ్మలు మనిషి తలకు తగిలేంత కిందికి వాలి ఉంటాయి. ఎస్‌యూవీ ఎత్తు దాదాపు ఆరడుగులు. దాని మీద టెంటు బిగించే అడ్డ బార్లు, మూసిన టెంటు కలిపితే ఏడున్నర. తెరిస్తే పదడుగులు దాటుతుంది. రెండు వరుసల మధ్య ఆకాశం కనిపించే జాగా దొరికితే తప్ప టెంటు పూర్తిగా విచ్చుకోదు. కొమ్మ తగిలిందంటే ఆకులు కలిపి గూళ్లు కట్టిన ఎర్రచీమలు టెంటు మీద రాలుతాయి. మే, జూన్ నెలల్లో అయితే తోతాపురి కాయ కింద ఏ టెంటూ వేయకండి. అర కిలో కాయ పైనుంచి పడితే గుడ్డ చిరుగుతుంది, లోపల ఉన్నవాళ్లకు దెబ్బ తగులుతుంది.

2. మీ బండి పైకప్పు ఎంత మోస్తుందో లెక్క కట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. నిదానంగా చేయండి.

బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీసి రూఫ్ లోడ్ ఎంత రాశారో వెతకండి. అందులో ఉండేది సాధారణంగా బండి నడుస్తున్నప్పుడు పైకప్పు మీద పెట్టగలిగే గరిష్ఠ బరువు. 50 కిలోలు అనో, 75 అనో, పెద్ద బండ్లకు 100 అనో ఉంటుంది. కొన్ని బండ్లకు అసలు పైన బరువే పెట్టకూడదని ఉంటుంది. ఆ అంకెలో టెంటు ఒక్కటే కాదు, దాన్ని బిగించే అడ్డ బార్ల బరువు, టెంటులో వదిలేసే దుప్పట్లు, దిండ్ల బరువు కూడా కలిసే ఉంటాయి.

ఒక లెక్క చూద్దాం. మాన్యువల్‌లో 75 కిలోలు ఉందనుకోండి. టెంటు 58, బార్లు 7, దుప్పట్లు 5, మొత్తం 70. సరిపోయింది. అదే మాన్యువల్‌లో 50 ఉంటే ఇక్కడితో ఆగిపోండి. రూఫ్ టెంట్లు చాలావరకు 45 నుంచి 80 కిలోల మధ్య ఉంటాయి కాబట్టి 50 కిలోల పైకప్పు మీద దాదాపు ఏదీ పట్టదు. "పర్లేదు సార్, అందరూ వేస్తున్నారు" అని అమ్మేవాళ్లు చెప్పే మాటకు మాన్యువల్ కంటే విలువ ఇవ్వకండి.

బండి ఆగి ఉన్నప్పుడు పైకప్పు ఇంతకంటే చాలా ఎక్కువ మోస్తుంది. కుదుపులు, బ్రేకులు, మలుపులు ఉండవు కదా. అందుకే ఇద్దరు మనుషులు పైన పడుకోగలుగుతున్నారు. ఆగి ఉన్నప్పటి లెక్కను చాలా కంపెనీలు మాన్యువల్‌లో ఇవ్వవు. టెంట్ల రంగంలో వాళ్లు నడిచేటప్పటి అంకెకు కనీసం మూడు రెట్లు అని లెక్కేస్తారు. మన ఉదాహరణలో 75 మూడుసార్లు 225. టెంటు సామాను 70, ఇద్దరు మనుషులు 145 అనుకుంటే 215. అంచున నిలిచింది. మధ్యలో ఓ పిల్లాడిని పడుకోబెడితే లెక్క దాటిపోతుంది. ఈ మూడు రెట్ల లెక్క కూడా అంచనాయే కాబట్టి సర్వీస్ సెంటర్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి.

చిన్న ఎస్‌యూవీల మీద కనిపించే రూఫ్ రెయిల్స్ చాలావాటికి అందం కోసం పెట్టినవే. పట్టుకుని ఊపితే గట్టిగానే ఉంటాయి, అంతమాత్రాన బరువు మోస్తాయని కాదు. అవి బరువుకు పనికొస్తాయో లేదో మాన్యువల్ చూసే తెలుసుకోవాలి. గుడ్డ టాపు ఉన్న జీపులకు విడిగా చట్రం కట్టకుండా రూఫ్ టెంటు కుదరదు. పెద్ద గాజు సన్‌రూఫ్ ఉంటే బార్లు ఎక్కడ కూర్చుంటాయో చూసుకోవాలి.

బరువు పట్టినా ఇంకో సంగతి మిగిలి ఉంది. అరవై డెబ్భై కిలోలు బండి నెత్తిన ఉంటే మలుపుల్లో బండి ఒరుగుడు మారుతుంది. నాలుగు లేన్ల రోడ్డు మీద అంతగా తెలియదు. భాకరాపేట ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో హార్సిలీ హిల్స్ ఎక్కేటప్పుడో స్టీరింగ్ తిప్పగానే తెలుస్తుంది. ఎప్పుడూ 50లో తిరిగే మలుపును 35లో తిరగాలి. ఎదురుగాలికి మైలేజీ తగ్గుతుంది. ఊళ్లో లాడ్జి సెల్లార్లోకి బండి దూరకపోవచ్చు. ఎత్తు కొలిచి, ఆ అంకెను చిన్న కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించుకోండి.

వెల్డింగ్ మాత్రం చేయించకండి. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేసేలా ఉండాలి. బీమా కంపెనీకి కూడా ముందే మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

3. ఎవరెవరు పడుకుంటారో చూసుకోండి

ఇద్దరు పెద్దవాళ్లయితే రూఫ్ టెంటు హాయి. అమ్మానాన్న, అత్తమామ వస్తారంటే కాదు. నిచ్చెన ఆరడుగుల పైన ఉంటుంది, మెట్లు సన్నగా ఉంటాయి. రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేచి, నిద్రమత్తులో, చీకట్లో, చీరతోనో లుంగీతోనో ఆ నిచ్చెన వెనక్కి దిగాలి. ఎక్కడం సులువే, దిగేటప్పుడే పడతారు. షుగరున్నవాళ్లు రాత్రికి రెండు మూడుసార్లు లేస్తారు, వాళ్లకు ఇది అసలు వద్దు. ఐదేళ్లలోపు పిల్లలు జిప్పు తీయడం నేర్చుకుని ఉంటారు, అది ఇంకో టెన్షన్.

నలుగురైదుగురు కుటుంబం అయితే ఒక పెద్ద నేల టెంటు, లేదా రెండు చిన్నవి. నేల టెంటు మీద నలుగురికని రాసి ఉంటే ముగ్గురికి సుఖంగా సరిపోతుందని అర్థం చేసుకోండి.

ఒకేచోట రెండు రాత్రులు ఉండేవాళ్లు ఇంకోటి ఆలోచించాలి. రూఫ్ టెంటు తెరిచాక బండి కదలదు. ఉదయం పాలకో, ఇడ్లీలకో పక్క ఊరు వెళ్లాలంటే పడక మొత్తం మడిచి, బెల్టులు బిగించి బయల్దేరాలి. నేల టెంటైతే అక్కడే ఉంటుంది, బండి తీసుకుని ఎటైనా వెళ్లి రావచ్చు. మరోవైపు రోజుకో ఊరు మారేవాళ్లకు, అంటే తిరుపతి నుంచి గండికోట, అక్కడి నుంచి బేలం గుహలు, తర్వాత హంపి అని వెళ్లే జంటకు రూఫ్ టెంటు నిజంగా సుఖం. గండికోటలాంటి రాతినేలలో మేకులు దిగవు కూడా.

4. భయాలను ఒక్కొక్కటిగా పరీక్షించండి

రూఫ్ టెంటు కొనాలనుకునేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం పాములు, తేళ్లు. ఈ భయం అకారణం కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కల్లోకి వస్తుంది. అది కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. కానీ ఆ ప్రమాదం చాప మీద, నేలపడక మీద పడుకున్నవాళ్లకు. అడుగుగుడ్డ గోడలతో కలిపి కుట్టిన టెంటులో, జిప్పు చివరిదాకా వేసుకుని పడుకుంటే పాము లోపలికి రాలేదు. కాబట్టి నేల టెంటు కొనేటప్పుడు అడుగుగుడ్డ విడిగా ఉన్నది తీసుకోకండి, అంతే. జిప్పు రెండంగుళాలు కూడా తెరిచి ఉంచకండి, ఫోన్ చార్జర్ వైరు కోసం అయినా సరే.

అసలు కాటు పడేది టెంటు బయట, చెప్పుల్లేకుండా నడిచినప్పుడు. ఆ విషయంలో పైన పడుకున్నవాళ్లకూ కింద పడుకున్నవాళ్లకూ తేడా లేదు. బూట్లు సంచిలో పెట్టి మూతి కట్టండి, వేసుకునే ముందు తిరగేసి తట్టండి. ఒక చిన్న అల్ట్రావయొలెట్ టార్చి కొనుక్కోండి, చవకే. దాని వెలుతురులో తేలు పచ్చగా మెరుస్తుంది. పుత్తూరు వైపు ఓ తోపులో మోటారు షెడ్డు గోడ మీద వేసి చూశాను. మామూలు టార్చిలో ఇటుకలు తప్ప ఏమీ కనిపించని సందులో ఒకటి తోక ఎత్తి, ఇంకొకటి సగం లోపల నక్కి, రెండు తేళ్లు రేడియం ముల్లులా మెరిశాయి. టెంటు వేసే ముందు చుట్టూ పది అడుగులు ఆ టార్చితో చూడండి, కట్టెల కుప్పకు, రాళ్ల కుప్పకు దూరంగా వేయండి.

పాము కరిచిందని అనుమానం వచ్చినా కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, లేదా బండిలో ఆస్పత్రికి తీసుకెళ్లండి. తెల్లవారుజామున ఎవరైనా కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోతుంటే కాటు గుర్తు కనిపించకపోయినా ఆలస్యం చేయొద్దు. రాత్రి ఉండబోయే చోటికి దగ్గరలో పెద్దాస్పత్రి ఎక్కడుందో, ఫోన్ సిగ్నల్ ఉందో లేదో పగలే చూసుకోండి.

ఏనుగుల సంగతి వేరు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్లలో ఏనుగులు పొలాల్లోకి రావడం అక్కడివాళ్లకు ప్రతి ఏటా ఉన్న కష్టం. రూఫ్ టెంటు ఎత్తులో ఉంది కదా అని అక్కడ ధైర్యం చేయకండి. మీ పరుపు ఆరేడు అడుగుల ఎత్తులో ఉంటుంది, పెద్ద ఏనుగు భుజమే ఎనిమిది అడుగులు దాటుతుంది. తొండం ఇంకా పైకి అందుతుంది. పైగా టెంటు తెరిచి ఉండగా బండి స్టార్ట్ చేసి పారిపోలేరు. ఆ వైపు ఏ టెంటూ వద్దు, గదిలో పడుకోండి. చిరుతల విషయంలోనూ అంతే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఓ చిన్నారిని చంపిన ఘోరం మనకు తెలుసు. శేషాచలం అంచున ఆరుబయట రాత్రి గడపాలనే ఆలోచన మానుకోవడమే మేలు, పిల్లలుంటే మరీనూ.

వాన. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం అందరం చూశాం. ఈ నెలల్లో వంకలో మెత్తటి ఇసుక కనిపించిందని అక్కడ దిగకండి. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైన కొండల్లో కురిసిన వాన గంటలో వంక నిండా వస్తుంది. రెండడుగుల పారే నీరు చాలా కార్లను కదిలించేస్తుంది, కాబట్టి రూఫ్ టెంటు ఇక్కడ రక్షణ కాదు. ఎత్తైన చోట ఉంటే మాత్రం మామూలు వానలో రూఫ్ టెంటుదే పైచేయి, బురద అంటదు.

గాలి విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. హార్సిలీ హిల్స్ నాలుగు వేల అడుగుల ఎత్తు. రాత్రి గాలి లేచిందంటే రూఫ్ టెంటు గుడ్డ పటపటమని కొట్టుకుంటుంది, బండి స్ప్రింగుల మీద ఊగుతుంది, పక్కమనిషి అటు తిరిగితే మీకు మెలకువ వస్తుంది. నేలకు అంటుకుని ఉన్న గుండ్రటి టెంటు తాళ్లు సరిగ్గా కడితే అదే గాలిలో నిశ్శబ్దంగా నిలుస్తుంది. తీరం వైపు ఇసుకలోకి బరువు బండిని దింపితే చక్రాలు కూరుకుపోతాయి. అక్కడా నేల టెంటే, మేకుల బదులు ఇసుక నింపిన సంచులు కట్టి పాతిపెట్టాలి.

ఉరుములు మొదలైతే రెండు టెంట్లూ ఒకటే, ఏదీ కాపాడదు. అందరూ దిగి కారులో కూర్చుని అద్దాలు ఎత్తండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మనవైపు పిడుగులు ఎక్కువ, ఈ మాట ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

5. డబ్బు, దాచుకునే జాగా

ముగ్గురికి సరిపడే ఓ మోస్తరు నేల టెంటు ఐదు నుంచి పదిహేను వేలలో వస్తుంది. రూఫ్ టెంటు లక్ష అటూఇటూ మొదలై ఎంతదాకైనా పోతుంది, బార్లు అదనం. నేల టెంటు బీరువా మీద పడి ఉంటుంది. రూఫ్ టెంటును ప్రతిసారీ దించి ఎక్కించాలంటే ఇద్దరు బలమైన మనుషులు కావాలి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు దించడం మానేస్తారు, అది ఏడాదంతా బండి మీద ఎండకు ఎండి రంగు, గట్టిదనం పోగొట్టుకుంటుంది. ఇంట్లో దాన్ని పెట్టడానికి చోటు లేకపోతే కొనే ఆలోచన మళ్లీ చేయండి.

6. కొనకముందు ఒక రాత్రి పడుకుని చూడండి

రూఫ్ టెంటు బిగించిన బండ్లను బెంగళూరులో అద్దెకు ఇస్తారు. ఒక వారాంతం తీసుకుని ఇంట్లో అందరినీ ఎక్కించి, పడుకోబెట్టి, రాత్రి ఒకసారి దింపండి. లక్ష పెట్టే ముందు ఆ అద్దె దండగ కాదు. నేల టెంటును మన మిద్దె మీదే వేసి చూడొచ్చు. నాలుగు మూలలా నీళ్ల బకెట్లకు తాళ్లు కట్టండి. చీకటి పడ్డాక, టార్చి నోట్లో పెట్టుకుని, ఒక్కరే వేయడం విప్పడం చేయండి. తర్వాత పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి లోపల కుట్ల దగ్గర చెయ్యి పెట్టి తడిమి చూడండి. తడి తగిలితే ఆ కుట్టుకు, నీళ్లు దిగకుండా ఆపే సీమ్ సీలర్ రాయాలి.

7. నేల టెంటు తేలితే

కొనేటప్పుడు అడుగుగుడ్డ నీటిని ఎంత ఆపుతుందో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది, 2,000కు తగ్గనిది చూడండి. పైన వాన కప్పు నేలదాకా వచ్చేది కావాలి, నడినెత్తిన టోపీలా ఉండేది వద్దు. ఫైబర్ కడ్డీల కంటే అల్యూమినియం కడ్డీలు తేలిక, అంత సులువుగా విరగవు. రెండు వైపులా దోమతెర కిటికీలుండాలి, మన ఉక్కకు ఒక్క కిటికీ చాలదు.

వేసే చోట రాళ్లు, పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు చేత్తో ఏరండి. కింద ఒక టార్పాలిన్ పరవండి. అది టెంటు అడుగు కంటే నాలుగు వేళ్లు లోపలికి ఉండాలి. బయటికి పొడుచుకొస్తే కప్పు మీద నుంచి జారిన వాననీళ్లు టార్పాలిన్ మీద పడి, నేరుగా మీ పక్క కిందికి పోతాయి. మేకు తల టెంటుకు దూరంగా, బయటికి వాలేలా ఏటవాలుగా కొట్టండి. టెంటుతో ఇచ్చే సన్న మేకులు మన గరపనేలలో రెండు దెబ్బలకే వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప చువ్వను అడుగు ముక్కలుగా కోయించి, ఒక చివర వంచి పెట్టుకోండి. వాటితో పాటు ఒక చిన్న సమ్మెట. ఒకవైపు మేకు దిగకపోతే తాడును తలకాయంత రాయికి చుట్టి, దాని మీద ఇంకో పెద్ద రాయి ఎత్తండి.

వాలు ఏమాత్రం ఉన్నా తల పైవైపు ఉండేలా పడుకోండి. నేల చలి డిసెంబరులో దుప్పటి పైనుంచి కాదు, కింది నుంచి వస్తుంది. ఒక ఫోమ్ మ్యాటు, లేకపోతే ఇంట్లో ఉన్న జంపఖానా రెండు మడతలు వేసినా సరిపోతుంది.

8. రూఫ్ టెంటు తేలితే

గుడ్డ కవరుతో మడిచేది తేలిక, చవక. గట్టి పెట్టెలా ఉండేది నిమిషంలో తెరుచుకుంటుంది, ధర ఎక్కువ. నా ఓటు మనవైపు వాడకానికి గుడ్డదానికే. దాని సగభాగం బండి అంచు దాటి బయటికి రావడం వల్ల కింద కూర్చోవడానికి నీడ దొరుకుతుంది, ఎండాకాలం ఆ నీడ చాలా విలువైనది.

బిగించిన రోజు యాభై కిలోమీటర్లు నడిపాక ఆపి బోల్టులన్నీ మళ్లీ బిగించండి. ఆ తర్వాత ప్రతి ప్రయాణానికి ముందు, ఘాట్ దిగాక ఒకసారి. పడుకునే చోట బండి చదునుగా నిలవాలి. సగం నీళ్లున్న సీసాను డ్యాష్‌బోర్డు మీద అడ్డంగా పెట్టి నీటిమట్టం చూడండి, పల్లంగా ఉన్న చక్రాల కింద పలకరాళ్లు పెట్టి ఎక్కించండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. నిచ్చెన కింది కొస గట్టి నేల మీద ఉండాలి, బురదైతే కింద చెక్క వేయండి. పరుపు కింద తేమ చేరి బూజు పడుతుంది, కొబ్బరి పీచు చాప పరిస్తే గాలి ఆడుతుంది. మధ్యాహ్నమంతా బండి ఎండలో ఉంటే దాని మీది టెంటు, పరుపు కూడా వేడెక్కి ఉంటాయి. బండిని సాయంత్రం నాలుగు నుంచే నీడలో పెట్టండి, లేదా మార్చి నుంచి జూన్ దాకా ఆ టెంటు జోలికి పోకండి.

ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని ఎవరూ కింద కారులో పడుకోకూడదు. పొగ పైన పడుకున్నవాళ్ల దగ్గరికే చేరుతుంది. ఏ టెంటులో అయినా లోపల స్టవ్ వెలిగించడం, చలికి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. సంగటి బయటే వండుకోండి, తిన్నాక మిగిలినది, తొక్కలు, అరటిపళ్లు అన్నీ కారులో పెట్టి తాళం వేయండి.

9. ఇంటికొచ్చాక

ఆదివారం రాత్రి ఎంత అలసిపోయినా టెంటు సంచి విప్పకుండా పడుకోకండి. పొద్దున మంచు తడితోనే మడిచి ఉంటారు. ఆ తడి రెండు రోజులుంటే నల్ల మచ్చలు పడతాయి, ఆ వాసన ఎన్ని ఉతుకులకూ పోదు. నేల టెంటును మిద్దె మీద తాడుకు వేలాడదీసి, నీడలో ఆరనివ్వండి. మేకులు కడిగి తుడిచి, లెక్కపెట్టి సంచిలో వేయండి. రూఫ్ టెంటును మరుసటి రోజు ఎండ వచ్చాక బండి మీదే తెరిచి, పరుపు ఎత్తి నిలబెట్టి, రెండు మూడు గంటలు గాలికి వదలండి. తీరం నుంచి వచ్చినట్టయితే జిప్పులను మంచినీళ్లతో కడిగి, ఆరాక కొవ్వొత్తి రుద్దండి. ఉప్పు పట్టిన జిప్పు తర్వాతి ప్రయాణంలో సగంలో ఇరుక్కుంటుంది.